చివరి భూములకు నీళ్ళు

ఒక ఎండాకాలం సాయంత్రం మా అన్నయ్య ఆటోనగర్ నుంచి పటమటలో ఉన్న మా ఇంటికి ఒంటి చెప్పుతో నడిచొచ్చాడు. ఎడమ కాలికి చెప్పుంది, కుడి కాలు బోడిగా ఉంది, మడమ దాకా దుమ్ము. వదిన గుమ్మంలోనే ఆపి రెండో చెప్పేదని అడిగింది. అన్నయ్య తల వంచి తన కాళ్ళకేసి చూసుకుని నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఎక్కడ జారిపోయిందో తెలీలేదన్నాడు. మేం పడీపడీ నవ్వాం. అందరికంటే నేనే ఎక్కువ నవ్వాను, నా నోరు అలాంటిది. ఆ తర్వాత వారం పది రోజులు, తను పనికి బయల్దేరినప్పుడల్లా, చెప్పులు రెండూ ఉన్నాయో లేదో చూసుకో అన్నయ్యా అని వెనకనుంచి కేకేసేదాన్ని. కాలిపోయే రోడ్డు మీద అంత దూరం వట్టి పాదంతో నడిచిన మనిషికి ఆ సంగతి ఎందుకు తెలీలేదని మాలో ఒక్కళ్ళం కూడా అడగలేదు.

అవి డెబ్భైల నడిమి సంవత్సరాలు. నేను బెజవాడలో ఒక ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి ఎవరూ దొరకలేదని చెప్తే వెంటనే నమ్మేవాళ్ళు, అది కొంచెం బాధగానే ఉండేది. అన్నయ్యా వదినలతోనే ఉండేదాన్ని. వాళ్ళకి పిల్లల్లేరు. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. నాన్న దివిసీమలో, కాలవ ఇక అయిపోయే చోట, లస్కరుగా పనిచేసేవాడు. తూముల తలుపులు ఎత్తడం, దించడం, గట్టుకి గండి పడకుండా చూసుకోవడం, నీళ్ళ కోసం కొట్టుకునే రైతుల మధ్య నిలబడి తిట్లు తినడం ఆయన ఉద్యోగం. ఆయన పోయాక అన్నయ్య నన్ను వెంటబెట్టుకుని బెజవాడ వచ్చి, తను పనిలో చేరి నన్ను చదివించాడు.

ఆ పని లారీలకి సీట్లు కుట్టడం. ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్ల పక్కన ఒక చిన్న షెడ్డు, దానికి అన్నయ్యే మేస్త్రీ. మొదట్లో సీటంటే కొబ్బరిపీచు, దాని మీద గోనె, ఆపైన రెక్సిను, దబ్బనంతో కుట్టు. తర్వాత స్పాంజి వచ్చింది. స్పాంజితోపాటు సొల్యూషన్ డబ్బాలు వచ్చాయి. సైకిలు ట్యూబు పంక్చరుకి పూసే జిగురు లాంటిదే అది, కాకపోతే బ్రష్షుతో మూరలకి మూరలు పూయాలి. పూసింది ఆరేలోపు దాని మీద దుమ్ము పడితే రెక్సిను అంటుకోదు, ఆటోనగర్లో దుమ్ముకేం కొదవ. అందుకని తలుపు మూసి, ఫ్యాను ఆపి పనిచేసేవాళ్ళు. చెమటలు కారుతున్నా తలుపు తీయనివ్వని మేస్త్రీని మంచి మేస్త్రీ అనేవాళ్ళు. మా అన్నయ్య వేసిన సీటు ఊడిందని ఏ డ్రైవరూ వెనక్కి తిరిగి రాలేదు.

ఇంటికొచ్చి స్నానం చేసినా ఆ సొల్యూషన్ వాసన అన్నయ్యని వదిలేది కాదు. తియ్యగా, పెట్రోలులా ఉండేది. నిజం చెప్పాలంటే నాకు ఆ వాసన ఇష్టం. వంటింట్లో ఉన్నా అన్నయ్య వచ్చాడని దాన్నిబట్టే తెలిసేది. ఆదివారాలు మాత్రం సబ్బు వాసన, కొబ్బరినూనె వాసన. ఎందుకంటే ఆదివారం చర్చిలో హార్మోనియం తనది. మనిషి మాటకారి కాడు, పదిమందిలో నోరు విప్పడానికి సిగ్గు. హార్మోనియం ముందు కూర్చున్నప్పుడు మాత్రం సంఘం మొత్తాన్ని తనే నడిపించేవాడు. పాట ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ ఆగాలో, పాస్టరు అయ్యగారితో సహా అందరూ తన చేతులకేసి చూసేవాళ్ళు. వారమంతా తను బతికింది ఆ రెండు గంటల కోసమేనని నా నమ్మకం.

చెప్పు పోయిన నెలకో ఏమో, చర్చి మెట్ల మీద బోర్లా పడ్డాడు. అప్పుడు గమనించాను. పాదం పైకి లేవడం లేదు, ముందు భాగం వేలాడుతోంది. అది నేలకి తగలకుండా మోకాలు బాగా ఎత్తి, ఊడ్పుల మడిలో నడుస్తున్నట్టు నడుస్తున్నాడు. మా వీధి డాక్టరు నరాల బలహీనత అని బి విటమిన్ సూదులు పొడిచాడు. సూదులు అయిపోయాయి, బలహీనత అలాగే ఉంది. చివరికి గుంటూరులో ఒక నరాల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన సుత్తితో మోకాళ్ళ మీద కొట్టి చూశారు, గుండుసూదితో పాదాల మీద గుచ్చి చూశారు. అన్నయ్య కళ్ళు మూసుకుని, గుచ్చినట్టే లేదండీ అన్నాడు, అదేదో తను తప్పు చేసినట్టు. డాక్టరుగారు లేచి, పక్కకి వచ్చి, అన్నయ్య చొక్కా భుజం దగ్గర వాసన చూశారు. మీరేం పని చేస్తారని అడిగారు.

చీలమండ దగ్గర చిన్న నరం ముక్క కోసి, పెద్ద మైక్రోస్కోపు ఉన్న ఊరికి పంపించారు. చాలా వారాల తర్వాత ఫోటో వచ్చింది. నేను జువాలజీ చెప్తానని తెలుసు కాబట్టి డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచి చూపించారు.

కణమంటే పల్చటి సంచీ, లోపల జిగట పదార్థం, మధ్యలో కేంద్రకం అని చెప్పి మా పిల్లల్ని పరీక్షలకి పంపించేదాన్ని. అంతవరకే పుస్తకంలో ఉండేది. కణానికి కూడా ఎముకల గూడు లాంటిది ఉంటుందని, సన్నటి గొట్టాలు, అంతకంటే సన్నటి పోగులు దాన్ని నిలబెడతాయని పత్రికల్లో ఒకటి రెండుసార్లు చదివాను గానీ పట్టించుకోలేదు. డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. పాదాన్ని కదిలించే నరం తాలూకు కణం వెన్నులో ఉంటుంది. దాని తోక నడుము దాటి, తొడ దాటి, పాదం దాకా సాగుతుంది. తోకకి కావలసింది అక్కడెక్కడా తయారవదు. అంతా పైన తయారై కిందికి రావాలి. కొన్ని సరుకులు త్వరగా వస్తాయి. గూడు కట్టే పోగులు మాత్రం రోజుకి దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున పాకుతూ వస్తాయి. మా అన్నయ్య పొడుగు మనిషి.

ఫోటోలో ఆ తోకల్ని అడ్డంగా కోసి చూపించారు. సన్నగా, గుండ్రంగా ఉండాల్సినవి కొన్ని ఉబ్బిపోయి ఉన్నాయి. ఉబ్బిన వాటినిండా పోగులే. ముందుకి కదలలేక ఒకచోట కుప్పపడి, వెనకనుంచి వచ్చేవాటికి దారి లేకుండా చేశాయి. దానికి అవతల ఉన్న నరం తిండి లేక చచ్చిపోతోంది. అన్నిటికంటే పొడుగు నరాలు పాదాలవి, అందుకే పాదాలు ముందు పోయాయి, తర్వాత చేతులు పోతాయి. ఇదంతా సొల్యూషన్ ఆవిరి వల్లేనని, ఎక్కడో చెప్పులు అంటించేవాళ్ళకి కూడా ఇలాగే వచ్చిందని చదివానని ఆయన చెప్పారు. ఆవిరి ఒంట్లోకి పోయి పోగుల్ని ఒకదానికొకటి అతికిస్తుందేమోనని ఆయన అనుమానం. ఆ మాటకి ఇంకొకళ్ళయితే నవ్వేవాళ్ళేమో. నేను ఆ ఫోటోని బల్ల మీద బోర్లా పెట్టాను.

ఆ రోజు ఆయన ఇంకో సంగతి కూడా చెప్పారు. మతి పోయిన ముసలివాళ్ళ మెదడు కోసి చూస్తే అందులోనూ ఇలా పోగులు చిక్కుపడి కనిపిస్తాయట. కండలు కరిగిపోయి మనిషి చచ్చిపోయే ఇంకో జబ్బుంది, దాంట్లోనూ నరాలు ఇలా ఉబ్బుతాయట. పోగులు చిక్కుపడి కణం చస్తుందా, కణం చస్తోంది కాబట్టి పోగులు చిక్కుపడతాయా అని అడిగాను. తెలీదమ్మా, ఇంకా ఎవరికీ తెలీదు అన్నారు. నిజాయితీ గల మనిషి. మందేమైనా ఉందా అంటే, ఏమీ లేదు, సొల్యూషన్ దగ్గరికి పోకుండా ఉండటమే అన్నారు.

అన్నయ్య ఆ మాట విన్నాడు. వింటాడని నేననుకోలేదు, కానీ మర్నాటి నుంచే షెడ్డుకి వెళ్ళడం మానేశాడు. సంఘం వాళ్ళు శుక్రవారాలు మా ఇంట్లో ఉపవాస కూటం పెట్టారు. అయ్యగారు వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవారు. నాకు చిన్నప్పటి భక్తి ఎప్పుడో సన్నగిల్లింది, అయినా అందరికీ కాఫీలు కలిపేదాన్ని. ఆయన మంచివాడు, ఆ విషయంలో అబద్ధం చెప్పను. అందరం కాచుకున్నాం.

తగ్గలేదు. తగ్గకపోగా ఎక్కువైంది. షెడ్డులో ఉన్నప్పుడు పాదాల దాకానే ఉన్నది, మానేశాక మోకాళ్ళకి ఎక్కింది. తర్వాత వేళ్ళు. చొక్కా గుండీలు వదిన పెట్టాల్సి వచ్చింది. అన్నం కలుపుకుంటే ముద్ద నిలవడం లేదు. ఒక ఆదివారం హార్మోనియం ముందు కూర్చుని, దాని మెట్ల మీద వేళ్ళు పెట్టి, తీసేసి, లేచి వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఆ రోజు పాటలు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు పాడారు. అయ్యగారు ఒక శ్రుతిలో, ఆడవాళ్ళు ఇంకో శ్రుతిలో. అన్నయ్య తల ఎత్తలేదు.

ఆ సాయంత్రం తన పక్కన మంచం మీద కూర్చుని నాన్న కాలవ గుర్తుందా అని అడిగాను. బెజవాడలో పైన బ్యారేజీ తలుపులు దించేస్తే, కింద దివిలో ఆ సంగతి ఎప్పుడు తెలిసేది? కాలవలో ఉన్న నీళ్ళు ఇంకా వస్తూనే ఉండేవి, రైతులు ఆపలేదనే అనుకునేవాళ్ళు. మళ్ళీ వదిలినా అంతే, అందరి పొలాలూ తడిసి, ఆఖరున చివరి భూములకి చేరేవి, ఈలోపు మనవాళ్ళు నాన్నని తిడుతూ ఉండేవాళ్ళు. నీ కాళ్ళూ చేతులూ చివరి భూములన్నయ్యా. నువ్వు సొల్యూషన్ మానేశావు, అది పైన. కింద ఇంకా పాత చెరుపే నడుస్తోంది. మంచి కూడా బయల్దేరింది, కాకపోతే చేరలేదు.

అన్నయ్యకి అర్థమైంది. కాలవ గట్టు మీద పెరిగినవాడికి అర్థం కాకపోవడమేంటి. మొహంలోకి కాస్త వెలుగొచ్చింది. నా వైపు తిరిగి అడిగాడు.

"బెజవాడ నుంచి మన తూముకి ఎన్నాళ్ళో నాన్న చెప్పేవాడమ్మా. దీనికెన్నాళ్ళు?"

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి గుంటూరు వెళ్ళాను. డాక్టరుగారు నెలలు పట్టొచ్చు అన్నారు. ఎన్ని నెలలు అంటే, అడ్డం ఎక్కడెక్కడ పడిందో తెలిస్తే కదా అని చేతులెత్తేశారు. ఈ జబ్బుతో ఆయన చూసిన మొదటి మనిషి మా అన్నయ్యే. ఇంటికొచ్చి నెలలు పట్టొచ్చంట అని చెప్పాను. సరేలే అన్నాడు అన్నయ్య. నెలలు అన్న మాటకి అటూ ఇటూ గట్లు లేవు. ఎన్నాళ్ళో చెప్పకుండా కాచుకో అంటే, రోజురోజుకీ ఒక వేలు చచ్చిపోతుంటే, మనిషి దేన్ని పట్టుకుని కాచుకోవాలి? నేనైనా కాచుకునేదాన్ని కాదు.

ఇంకొంత కాలం చూశాడు. తర్వాత ఒక సోమవారం వదినతో టిఫిన్ కట్టమన్నాడు. నేను అడ్డం నిలబడితే తను చెప్పిన లెక్క ఇది: మానితే తగ్గుతుందన్నారు, మానాక ఎక్కువైంది, కాబట్టి కారణం అది కాదు. ఇంట్లో కూర్చుంటే ఒళ్ళు పట్టేస్తోంది. దేవుడిచ్చిన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నందుకు ఇలా అవుతోందేమో. నేను అరిచాను, ఏడిచాను, డాక్టరుగారి బొమ్మ ముందు పెట్టాను. అన్నయ్య ఆ కాగితం మడిచి నా చేతికే ఇచ్చి, రిక్షా ఎక్కి వెళ్ళిపోయాడు. బ్రష్షు పట్టుకోలేకపోతే దాన్ని చేతికి రెక్సిను ముక్కతో కట్టించుకున్నాడట.

ఆ తర్వాత జరిగింది ఇప్పటికీ నాకు కోపం తెప్పిస్తుంది. ఎవరి మీద కోపమో తెలీదు. అన్నయ్యకి తగ్గడం మొదలైంది. ముందు వేళ్ళు. ఒక పొద్దున తన గుండీ తనే పెట్టుకున్నాడు, వదిన స్టవ్వు ఆర్పేసి వచ్చి మరీ చూసింది. ఇంకొన్నాళ్ళకి కుడి కాలి బొటనవేలు కదిలింది. మేం ముగ్గురం మంచం మీద చేరి ఆ వేలినే చూస్తూ కూర్చున్నాం. వదిన ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కానీ నాకు తెలుసు. పైన ఎప్పుడో, తను మానేసిన నాడు బయల్దేరిన మంచి ఇప్పుడు చేరింది. ఇప్పుడు షెడ్డులో పీలుస్తున్న చెరుపు ఇంకా కిందికి రావాల్సి ఉంది.

ఆదివారం అన్నయ్య సాక్ష్యం చెప్పాడు. మా చర్చిలో దేవుడి వల్ల మేలు పొందినవాళ్ళు అందరి ముందూ నిలబడి ఆ మేలేమిటో చెప్తారు. పుట్టి బుద్ధెరిగాక అన్నయ్య ఎప్పుడూ అలా నిలబడలేదు. బల్ల అంచు పట్టుకుని లేచాడు.

"పని మానేసి కూర్చున్నన్నాళ్ళూ దిగజారిపోయానండి. దేవుడి మీద భారం వేసి మళ్ళీ పనిలోకి వెళ్ళాను. ఇవాళ నా కాళ్ళ మీద నేను నిలబడ్డాను."

సంఘమంతా స్తోత్రం అంది. తర్వాత తను వెళ్ళి హార్మోనియం ముందు కూర్చుని పాట ఎత్తుకుంటే, అందరూ ఒక్క శ్రుతిలోకి వచ్చారు. అంత బాగా ఆ చర్చిలో ఎన్నడూ పాడలేదు. నేను మాత్రం తన పాదాలకేసే చూస్తూ నిలబడ్డాను.

ఇంటికి వస్తూ దారిలో, ఇది నువ్వు మానిన దాని ఫలితం అన్నయ్యా, నీళ్ళు ఇప్పుడు చేరాయి, ఇప్పుడైనా మానెయ్యి అన్నాను. అన్నయ్య కోప్పడలేదు. నవ్వాడు.

"నీళ్ళొచ్చాయి కదమ్మా. ఎవరు వదిలారన్నది నీ లెక్క నీది, నా లెక్క నాది."

సాక్ష్యం చెప్పాక దాన్ని వెనక్కి తీసుకోవడం అంటూ ఉండదు. తీసుకోకూడదని ఎక్కడా రాసిలేదు గానీ, అలా ఎవరూ చెయ్యరు. తగ్గిందని చెప్పి, మళ్ళీ వచ్చిందని ఏ మొహంతో చెప్తారు? అలా చెప్తే తన నమ్మకం చాలలేదని ఒప్పుకున్నట్టు, లేదా దేవుడే ఇచ్చి లాక్కున్నాడన్నట్టు. మా అన్నయ్య ఈ రెండూ అనలేని మనిషి. అందుకని మళ్ళీ పాదం వేలాడటం మొదలైనప్పుడు ఎవరికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు, వదినకీ చెప్పలేదు. చెప్పు జారకుండా మడమ వెనక రెక్సిను పట్టీ కుట్టుకున్నాడు. ఆదివారాలు అందరికంటే ముందు చర్చికి వెళ్ళి హార్మోనియం దగ్గర కూర్చునేవాడు, అందరూ వెళ్ళిపోయాకే లేచేవాడు. తను నడవగా ఎవరూ చూడలేదు. ఆ పట్టీ చూసి నేను అడిగితే, ఫ్యాషనమ్మా అన్నాడు. నేను నమ్మలేదు. షెడ్డుకి వెళ్ళి తలుపు బార్లా తీశాను, ఫ్యాను వేశాను. పనివాళ్ళు మర్యాదగా లేచి నిలబడి, మేడమ్ గారు వెళ్ళేదాకా ఆగి, మళ్ళీ మూసుకున్నారు.

ఒక ఆదివారం పాట మధ్యలో హార్మోనియం ఆగిపోయింది. ఎడమ చెయ్యి గాలి కొట్టడం మానేసింది, కుడి చేతి వేళ్ళు మాత్రం మెట్ల మీద కదులుతూనే ఉన్నాయి. చప్పుడు లేదు. సంఘం వాళ్ళు తన చెయ్యి ఆగిన సంగతి చూశారు. చూసి, ఇంకా గట్టిగా పాడారు, ఆ లోటు వినపడకుండా. అన్నయ్య చివరి చరణం దాకా అలా వేళ్ళు కదుపుతూనే ఉన్నాడు. ఆ తర్వాత తను నడవలేదు.

ఈసారి సొల్యూషన్ మానక తప్పలేదు. ఈసారీ నెలలు గడిచాయి. కానీ పాదాలు తిరిగి రాలేదు. పైపెచ్చు కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయి, వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. చెరుపు ఈసారి వెన్ను దాకా పోయిందని, వెన్నులో పోయింది తిరిగి మొలవదని గుంటూరు డాక్టరుగారు చెప్పారు.

ఇంకో రెండేళ్ళ తర్వాత అనుకుంటా, అన్నయ్య మంచం పుళ్ళకి మందు అడగటానికి ఆయన దగ్గరికి ఒంటరిగా వెళ్ళాను. ఈలోపు ఆయన ఇలాంటివాళ్ళని ఇంకొంతమందిని చూశారట, పత్రికల్లోనూ చదివారట. మానేశాక మూడు నాలుగు నెలలు ఎక్కువవుతూనే పోతుందమ్మా, అప్పుడు మళ్ళుతుంది, ఆ నాలుగు నెలలూ ఓపిక పట్టినవాళ్ళు చాలామంది నడుస్తున్నారు అన్నారు. ఆయన గొంతు తగ్గించే చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు బస్సు బ్యారేజీ మీదికి వచ్చింది. కాలవలకి నీళ్ళు వదిలారు. అన్నయ్య టిఫిన్ కట్టించుకుని వెళ్ళిన సోమవారం ఎప్పుడో లెక్క చూసుకున్నాను. సరిగ్గా మళ్ళే వేళకే వెళ్ళాడు. ఇంకో రెండు మూడు వారాలు ఇంట్లో ఉండుంటే, ఆ బొటనవేలు షెడ్డుకి వెళ్ళకుండానే కదిలేది.

సాయంత్రం ఇంటికి చేరేసరికి వదిన ప్రార్థనకి చాప పరుస్తోంది. అన్నయ్యని గోడకి ఆనించి కూర్చోబెట్టాం. నా మొహంకేసి చూసి అడిగాడు.

"ఎన్నాళ్ళు ఆగాలో ఇప్పటికైనా డాక్టరుగారికి తెలిసిందామ్మా?"

"ఇంకా ఎవరికీ తెలీదంట అన్నయ్యా" అన్నాను.

అన్నయ్య గుండెల్లోంచి గాలి వదిలాడు. చాలా రోజులుగా బిగబట్టుకున్న గాలి అది. తర్వాత వదిన తన ముడుచుకుపోయిన చేతులు రెండూ దగ్గరికి చేర్చి పట్టుకుంటే, కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. ఇది ఎవరికీ తెలియని సంగతి కాబట్టి ఎవరి తప్పూ కాదని, తన తప్పు కూడా కాదని, ఆ మాట తెలియజేసినందుకు స్తోత్రం అన్నాడు. ఆమెన్ అనడం మానేసి నాకు చాలా ఏళ్ళైంది. ఆ సాయంత్రం అందరికంటే ముందు నేనే అన్నాను.